ఇరవై రెండో నంబరు వెనుక

సిరొంచ బస్టాండు ఎదురుంగ జిరాక్స్ దుకాణం నడిపే బాబురావు, పొద్దుగాల షట్టరు లేపంగనే మొదలు మెషిన్ తుడుస్తడు, తర్వాత ఇండ్ల పుస్తకం తుడుస్తడు. మెషిన్‌కు తడిబట్ట, పుస్తకానికి పొడిబట్ట. పొరపాటున తడిబట్ట తగిలిందంటే పుస్తకంల ఉన్నోళ్ళకు పడిశం పడుతది, ఆ రోజంతా తుమ్ముతనే ఉంటరు. ఒకసారి అట్లనే అయింది. గిరాకీ వచ్చినోళ్ళు కూడ పాపం అనుకున్నరు.

ఆ పుస్తకం రాసింది బాబురావు వాళ్ళ నాయిన. టపా మనిషి. ఒకరి ఉత్తరం ఇంకొకరి ఇంటికి పోతున్నదని, పందొమ్మిదొందల నలభై ఎనిమిదిల ఊరంత గల్లీ గల్లీ తిరిగి, ఏ నంబరు ఇల్లు ఎవలది, ఆ ఇంటాయన ఏం పని చేస్తడు అని రాసుకొని చాందా పట్నంల అచ్చు కొట్టించిండు. మనది మహారాష్ట్ర అంచు గద, ఒక దిక్కు తెలుగు, ఒక దిక్కు మరాఠీ. గిసుంటి పుస్తకాలు పెద్ద పెద్ద పట్నాలకు ఉంటయట. మన అసుంటి చిన్న ఊరికి ఎవలు రాస్తరు? ఆ మనిషికి ఓపిక ఉండె, రాసిండు. కొట్టించిన వాటిల కొన్ని చెదలు తిన్నయి, కొన్ని ప్రాణహిత వరదల పోయినయి, ఇదొక్కటి మిగిలింది.

ఇంటి నంబరు మీద వేలుతోని రెండుసార్లు కొడితే లోపలోళ్ళు పలుకుతరు. తలుపు కొడితే మనిషన్నోడు పలుకకుంట ఎట్ల ఉంటడు? అంకిస నుంచి ఒకాయన వచ్చి, తన ముత్తవ్వ పుట్టినిల్లు ఏదో అడిగి తెలుసుకొని పోయిండు. పూడిపోయిన చేదబాయి ఎక్కడుండెనో ఇంకొకాయన అడిగిండు. బాబురావు పెట్టిన షరతులు రెండే. అన్నం వేళ తలుపు కొట్టొద్దు, ముందు జరగబోయే చావుల సంగతి వాళ్ళకు చెప్పొద్దు. ఆయనకు ఉన్న బాధ ఒక్కటే. వాళ్ళ నాయిన ఇంటి నంబరు ఎప్పుడు కొట్టినా, టపా పంచ పోయిండు, ఇంట్ల లేడు అనే జవాబు వస్తది.

ఆ సోమవారం పగటి అన్నాలు అయినంక నిఖిత వచ్చింది, వాళ్ళ బాపమ్మ నర్సక్కను వెంబడి పెట్టుకొని. నిఖిత మొబైల్ రిపేర్ దుకాణం ప్రేమ్‌సాగర్ బిడ్డ. నర్సింగ్ సీటు వచ్చింది. కానీ కులం కాగితానికి పడతాళణి, అదే సర్కారు తనిఖీ, కావాలె, దానికి యాభై కంటే ముందు ఆమె తాతముత్తాతలు ఇక్కడనే ఉన్నరని రుజువు కావాలె. శుక్రవారం ఆఖరు తారీఖు. ఆ కాగితం రాకుంటే సీటు ఇంకొకరికి పోతది.

భూమి ఉన్నోనికి సాత్‌బారా పట్టా కాగితం ఉంటది. బడికి పోయినోనికి బడి రిజిస్టర్ ఉంటది. ఒకరి దొడ్లె పండుకొని ఒకరి పొలంల నాటేసినోనికి ఏ కాగితం ఉంటది, మీరే చెప్పున్రి. నిఖిత ముత్తాత పేరు ఆదయ్య అని, తాత పాత ఓటరు కార్డుల తండ్రి పేరు కాడ ఉన్నది గనుక తెలిసింది. ఎవలింట్లనో జీతం ఉండె అంటరు, అంతకు మించి ఏం తెల్వదు.

అంతకుముందు వారమే ప్రేమ్‌సాగర్ ఒక్కడే వచ్చి పుస్తకం తిరగేసిండు. ఇరవై రెండో నంబరు, ఆదయ్య, వరి సాగు. ఇంకేమున్నది, సంబురపడి జిరాక్స్ తీయించుకొని పోయి ఆఫీసుల ఇచ్చిండు. మా తాత గింత పెద్ద రైతా అని దోస్తులందరికీ చెప్పుకున్నడు కూడ. రెండు రోజులకు కాగితం వాపస్ వచ్చింది. ఆ ఆదయ్య ఊరి పెద్ద పటేలు. ఇంటిపేరు వేరే, కులం వేరే. గుమాస్తా మంచిగనే చెప్పిండు, పుస్తకంల మనుషుల మాట మేం నమ్ముతం గాని ఫైల్ల పెట్టుకోలేం, అచ్చుల ఉన్న అక్షరం కావాలె అని.

అందుకే ఇప్పుడు నిఖిత ఒక్కొక్క తలుపు కొట్టుకుంట పోయింది. కుమ్మరోళ్ళ ఇల్లు, నేతోళ్ళ ఇల్లు, కల్లు గీసే ఆయన ఇల్లు. ఆదయ్య ఇల్లు ఏదంటే అందరూ ఒక్కటే మాట, ఇరవై రెండు. ఇంకో ఆదయ్య లేడా అంటే, ఊరికి ఒక్కడే ఆదయ్య అని నవ్విన్రు. ముత్తక్క అనే నేతామె అయితే, ఎండల తిరుగుతున్నవు బిడ్డా, మజ్జిగ తాగిపో అన్నది. కాగితం మీదికెల్లి మజ్జిగ ఎట్ల తాగుతరు? నిఖితకు ఆ మాటకే ఏడుపు వచ్చింది.

నర్సక్క అప్పటిదాక స్టూలు మీద కూసోని వక్కపలుకు నములుతున్నది. ఇగ నోరు తెరిచింది.

"పటేలు ఇంట్ల కోడండ్లు ఉన్నరా?"

ఉన్నరు, పెద్ద కోడలు దుర్గమ్మ అట అని చెప్పిండు బాబురావు.

"మరి మనాయన ఆ ఇంట్లనే జీతం ఉంటే, మామకున్న పేరు పెట్టి జీతగాన్ని ఏ కోడలు పిలుస్తదే? నోరు తిరుగుతదా? నేను మీ తాత పేరు గాని, మా మామ పేరు గాని ఇంతవరకు పలికిన్నా? మన గల్లీల అదే పేరున్న ఆయనను మూలమీది ఆయన అనే అంటగద. వాళ్ళూ పేరు మార్చి ఉంటరు. నువ్వు పేరు అడుగకు, మనిషిని అడుగు."

నిఖిత కండ్లు తుడుచుకొని ఇరవై రెండు మీద కొట్టింది. ఎవలూ అని ఒక ఆడమనిషి గొంతు. దుర్గమ్మనే. అవ్వా, మీ ఇంట్ల జీతం ఉండే ఆయన ఎవలని నిఖిత అడిగింది. మా కొత్తోడా, దొడ్లె ఉన్నడు, పిలవాల్నా అన్నది ఆమె. బాబురావు అద్దాలు పెట్టుకొని పుస్తకం మీదికి వంగిండు. ఇరవై రెండు కింద సన్న అక్షరాలల్ల ఉన్నది, వెనుక, కొత్తోడు, జీతం. తండ్రీబిడ్డలు ఇద్దరూ ఆ వరుస మీదికెల్లి ఎన్నిసార్లు పోయిన్రో.

"ఎన్నేండ్ల నుంచి కొత్తోడు అవ్వా?"

"ఇరవై ఏండ్లాయె."

"ఆయన అసలు పేరేంది?"

 ఆ పేరు నేను పలుకరాదు బిడ్డా అన్నది దుర్గమ్మ. నిఖిత దాచకుంట చెప్పింది, నేను ఆయన మునిమనుమరాలిని, నా చదువు ఆ పేరు కాడ ఆగింది అని. బాబురావు అడ్డం చెప్పలే. అది చావు సంగతి కాదు గద.

దుర్గమ్మ మెల్లగ చెప్పుకచ్చింది. ఆమె కాపురానికి వచ్చిన నెలకే ఆయన జీతానికి వచ్చిండట. పేరు చెప్తే ఆమెకు చెమటలు పట్టినయట, ఇగ రోజూ ఈయనను ఎట్ల పిలవాలె అని. అప్పుడు ఆయనే అన్నడట, పరేషాన్ కాకమ్మా, ఏదన్న ఒకటి పిలువు, నేను పలుకుత అని. తొలి కాన్పుకు పుట్టింటికి పోయే రోజు ప్రాణహిత పొంగింది. పడవోళ్ళు మేం రాం అన్నరు. ఆయనే తెడ్డు పట్టి ఆమెను అద్దరికి దాటిచ్చిండు.

"నా ప్రాణం, నా బిడ్డ ప్రాణం ఆయన పెట్టిన భిక్ష. నేనేమో ఆయన పేరు గుంజుకొని కూసున్న" అన్నది దుర్గమ్మ. "జర ఆగు బిడ్డా."

గాజులు కదిలినయి. వెనుక తలుపు గడియ తీసినట్టు వినబడ్డది. దుకాణంల జిరాక్స్ కోసం నిలబడ్డోళ్ళు కూడ పుస్తకం దిక్కు వంగిన్రు.

"ఆదయ్యా! ఓ ఆదయ్యా!"

పుస్తకంల ఎక్కడనో రోకటి పోటు ఆగిపోయింది. ముందటి అర్ర నుంచి ఒక ముసలి గొంతు, ఎవలను పిలుస్తున్నవు కోడలా అన్నది. దుర్గమ్మ మాట మార్చలే.

"మన దొడ్లె ఆదయ్యను, మామా."

ముసలాయన దగ్గిండు. దగ్గి దగ్గి, పిలువు పిలువు, పేరున్నది పిలిచెటందుకే గద అన్నడు. అప్పుడు పేజీ అంచు నుంచి, దొడ్డి దిక్కునుంచి ఒక మగ గొంతు పలికింది.

"వస్తున్ననమ్మా."

నర్సక్క స్టూలు మీదికెల్లి దిగి, కొంగు తల మీదికి కప్పుకొని పక్కకు నిలబడ్డది. అది ఆమె సొంత మామ గొంతు గద.

దుర్గమ్మ అక్కడ ఆగలే. గల్లీల పోతున్న టపా ఆయనను పిలిచి, మా వెనుక ఇంటాయన పేరు తప్పు రాసుకున్నవు, దిద్దుకో అన్నది. చెప్పున్రి తల్లీ అని ఆ టపా ఆయన అన్నడు. దొడ్లె ఆదయ్య ఇంటిపేరుతోని సహా చెప్తుంటే కలం గీకిన సప్పుడు వచ్చింది. పేజీ మీద కొత్తోడు అన్న అక్షరాలు చీమల లెక్క జరిగి జరిగి, ఇంటిపేరు, ఆదయ్య, కూలి అని నిలబడ్డయి. మరాఠీ దిక్కు కూడ అట్లనే.

బాబురావు అది చూడనే లేదు. అద్దాలు తీసి చేతుల పట్టుకొని నిలబడ్డడు. చెప్పున్రి తల్లీ అన్న గొంతు వాళ్ళ నాయినది. యాభై ఏండ్లయింది విని. జిరాక్స్ నిఖితనే తీసుకున్నది.

ఆఫీసుల గుమాస్తా పుస్తకం తెప్పించుకొని కాగితంతోని సరిచూసిండు. ఓటరు కార్డుల పేరు, పుస్తకంల పేరు ఒక్కటే. గురువారం సాయంత్రానికి ప్రేమ్‌సాగర్ చేతికి సర్టిఫికెట్ వచ్చింది. శుక్రవారం సీటు ఖాయమైంది. నర్సక్క గల్లీల అందరికీ తన చేతి మీదుగ బెల్లం పంచింది.

కాలేజీకి పోయే రోజు బ్యాగులు బస్టాండుల నాయిన కాడ పెట్టి, నిఖిత దుకాణంలకు ఉరికొచ్చింది. మొదలు ఇరవై రెండు కొట్టి, అవ్వా, నీ రుణం తీరేది కాదు అన్నది. పోయి మంచిగ చదువుకో పో అన్నది దుర్గమ్మ. తర్వాత నిఖిత కింది వరుస మీద కొట్టింది.

ఎవలూ అన్నడు ఆదయ్య.

"నేను తాతా, నీ కొడుకు కొడుకు బిడ్డను. నర్సు చదువుకు పోతున్న. నీ పేరు మీదనే పోతున్న. చెప్పిపోదామని వచ్చిన."

 ఆయన తడబడుకుంట అన్నడు.

"మా తలుపు ఎవలూ కొట్టలే బిడ్డా ఇంతవరకు. అందరూ ముందటి తలుపే కొడుతరు. జర ఆగుతవా? ఇల్లు ఊడుస్త. నువ్వు నిలబడే జాగల అన్న ఊడుస్త."

పొరక సప్పుడు మొదలైంది. బయట బస్సు హారన్ కొట్టింది, నిఖితా అని ప్రేమ్‌సాగర్ కేకేసిండు. నిఖిత స్టూలు దగ్గరికి గుంజుకొని కూసున్నది. ఆ బస్సును పోనిచ్చింది.