బిల్డ్ కాని పాఠం

చెల్లెలు పోయిన రోజు మధ్యాహ్నం తన ల్యాప్‌టాప్ వంటింటి గట్టు మీద ఇంకా తెరిచే ఉంది. టీ గ్లాసులకు చోటు కావాలని వాళ్ళ అత్తగారు దాన్ని మూసి ఫ్రిజ్ మీద పెట్టారు.

ఆ గట్టు దగ్గరే నిలబడి తను వెబ్‌సైట్లు తయారుచేసేది. పెళ్ళికి ముందు అదే ఉద్యోగం. తర్వాత భర్త షాపు సైటు, ఆడపడుచు ట్యూషన్ల సైటు అన్నీ తనే చేసిపెట్టింది. మా ఆవిడ ఖాళీగానే ఉంటుందని మరిది అందరికీ చెప్పేవాడు. తనంతట తాను మొదలుపెట్టింది నా తరగతి పిల్లలకు భిన్నాల పాఠం ఒక్కటే. తెర మీద గీతను జరిపితే సగం పావు అవుతుంది.

ఒకరోజు లింక్ పంపింది. తరగతిలో పెద్ద తెర మీద తెరిచాను. ఏమీ రాలేదు. పిల్లలు నవ్వారు. సాయంత్రం ఫోన్ చేసి, పని పూర్తయ్యాక చెప్పాలని తెలీదా అని గట్టిగానే అడిగాను.

"పొరపాటున లోకల్ సర్వర్ అడ్రస్ పంపానక్కా. అది ఏ మెషీన్లో తెరిస్తే అందులోనే వెతుక్కుంటుంది. నా దగ్గర బాగానే నడుస్తోంది. చుట్టాలు వెళ్ళాక బిల్డ్ చేసి బయట పెడతాలే."

రాసినదంతా ఒక మూటగా కట్టడమే బిల్డ్ అని, అది అయితేనే బయటివాళ్ళకు పెట్టగలనని చెప్పింది. ఆ చుట్టాలు వెళ్ళారు, వేరేవాళ్ళు వచ్చారు. నేనూ ఆ ఇంట్లోవాళ్ళలాగే మాట్లాడానని తను పోయాక గాని నాకు తట్టలేదు.

పదిహేను రోజులకు మరిది ల్యాప్‌టాప్ కిందికి దించాడు. "ఫార్మాట్ చేయించి షాపులో పెట్టుకుంటాను వదినా. అందులో ఏముంది, కాలక్షేపానికి ఏదో చేసుకునేది."

"నా తరగతి పాఠం ఉంది. నేను తీసుకెళ్తున్నాను."

"అవన్నీ మీకేం వచ్చు?"

"రానిది నేర్చుకోవచ్చని పిల్లలకు చెప్పేది నేనే కదా."

ఇప్పుడు రోజూ బడి నుంచి రాగానే కూర్చుంటున్నాను. వంట సంగతేమిటని మా ఆయన మొదటిరోజు అడిగారు. మీరు చూడండి అన్నాను. చూస్తున్నారు, గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువే.

తను రాసిపెట్టుకున్న కమాండ్ కొడితే సర్వర్ లేస్తుంది. ఒక అంకె మార్చి సేవ్ చేస్తే పేజీ వెంటనే మారుతుంది. కానీ సర్వర్ మనం తెరిచిన పేజీనే చదువుతుంది, బిల్డ్ అన్నిటినీ చదువుతుంది. మొదటిసారి పద్నాలుగు తప్పులు చూపించింది. చాలావరకు సగంలో ఆగిపోయిన కోడ్ వరుసలే, ఎవరో పిలిస్తే తను వదిలేసి వెళ్ళిన చోట్లు. ఒక్కొక్కటే చదివి పదమూడు పూర్తిచేశాను.

పద్నాలుగోది ఇంకా అర్థం కాలేదు. పాఠం ఇప్పటికీ ఈ ఒక్క మెషీన్లోనే తెరుచుకుంటోంది.