ఒక్క చుక్క చాలన్న మాస్టారు

కాశీబుగ్గలో రామూర్తి మాస్టారికి తెలియనిది లేదని పేరు. ఆ పేరు చాలావరకు ఆయన సొంత ప్రచారమే. సముద్రపొడ్డున జాలర్ల పేటలో పుట్టి, పెద్ద చదువు చదివి, కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్న మొదటివాడు మరి. అందుకే 2009లో ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పరిశోధనకు ఊళ్ళో చిన్న ల్యాబు పెట్టినప్పుడు, యంత్రాలు ఎంచే కమిటీలో ఆయనకూ కుర్చీ వేశారు.

డీఎన్‌ఏ కొలిచే యంత్రాలు రెండు పరిశీలనకు వచ్చాయి. ఒకదానికి గాజు గొట్టంలో ద్రావణం పోయాలి. రెండోది మైక్రోవాల్యూమ్ స్పెక్ట్రోఫోటోమీటర్. దాని కరపత్రం మీద 'ఒక్క చుక్క చాలు' అని పెద్దక్షరాలున్నాయి. మాస్టారు అంతవరకే చదివి లేచి నిలబడ్డాడు.

"మావాళ్ళ రక్తం ఇప్పటికే చాలామంది తోడుకుపోయారమ్మా. ఈ చుక్క మిషనే కొనండి!"

ల్యాబు పెద్ద హిమజ అప్పటికే దానివైపే మొగ్గింది. కష్టపడి తయారుచేసిన నమూనా వృథా కాదని ఆమె లెక్క. ఆయన గోల వేరని ఆమెకు తట్టలేదు. ఇద్దరూ సంతోషంగా సంతకాలు పెట్టారు.

మాస్టారు ఆగలేదు. పేటకు పోయి వదిన లక్ష్మమ్మ గుమ్మంలో కూర్చున్నాడు. ఆయన అన్న ఆ జబ్బుతోనే పోయాడు. పోయేముందు వచ్చిన ప్రతి బృందానికీ చెయ్యి చాపాడు. రిపోర్టు మాత్రం ఒక్కటీ తిరిగి రాలేదు. ఇప్పుడు కొడుకు కామేశ్‌కి కాళ్ళు వాస్తున్నాయి. అయినా లక్ష్మమ్మ సూది పట్టుకున్నవాణ్ణి గడప తొక్కనివ్వడం లేదు.

"ఒక్క చుక్కే వదినా. చీమ కుట్టినట్టుంటుంది."

"నిజమేనేటి?"

"నేను చూసి కొనిపించిన మిషను!"

"నువ్వు సెప్తన్నావు గనక ఒప్పుకుంతన్నాను మరిదీ."

రక్తం తీసే శిబిరానికి అందరూ రావాలని, ఒక్క చుక్కేనని పేట పెద్ద సూర్యారావు చాటింపు వేయించాడు. అక్కడ చాటింపు పడిందంటే ఆ రోజు పడవ కదలదు. ఊరంతా హాజరు కావలసిందే.

శిబిరం రేపనగా హిమజ యంత్రాన్ని సరిచూస్తూ దాని మీద నీళ్ళలాంటి బొట్టు వేసింది.

"రక్తమేదమ్మా?" అన్నాడు మాస్టారు.

ఆమె పరిహాసమనుకుని నవ్వింది. ఆయన ముఖం చూసి ఆపేసింది. "ఇది రక్తంలోంచి తీసి శుద్ధి చేసిన డీఎన్‌ఏ సార్. ఇది కావాలంటే మనిషి దగ్గర గొట్టం నిండా రక్తం తీయాల్సిందే. మీకు తెలుసనుకున్నాను."

ఇలాంటి ప్రశ్న అడిగిన పిల్లల్ని ఆయన క్లాసులో నిలబెట్టి అందరిచేతా నవ్వించేవాడు. ఇప్పుడు తనే అలా నిలబడ్డాడు. నోరు మూసుకుంటే సరిపోతుందన్న ఆలోచన కూడా వచ్చింది. రేపు అందరూ వరసలో ఉంటారు, సూది దిగాక ఎవరు కాదంటారు? అన్న దగ్గరికొచ్చినవాళ్ళూ ఇలాగే అనుకుని ఉంటారు. సిగ్గుతో చచ్చిపోయాడు. వెంటనే ఆటో ఎక్కి పేటకు పోయాడు.

సూర్యారావు అంతా విన్నాడు. "సాటించిన మాట సెవిలో సెప్తే సెల్లదు మేస్టారూ. మల్లీ సాటించాల. నువ్వు డప్పెనకాలే నడవాల."

నడిచాడు. వీధి మొదలు నుంచి చివరిదాకా తన తప్పు డప్పు మీద వింటూ నడిచాడు.

"ఒక్క సుక్క కాదంటహో! రామూర్తి మేస్టారు తెలక సెప్పేసినారంటహో! గొట్టం నిండా రగతం తీత్తారంట, ఇట్టమున్నోలే రండహో!"

వలలు బాగుచేస్తున్న కుర్రకారు పగలబడి నవ్వారు. లక్ష్మమ్మ నవ్వలేదు. మరిది కళ్ళెత్తి చూసేసరికి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడే ఆయనకు అన్నిటికన్నా ఎక్కువ తగిలింది.

తెల్లారి చాలా పడవలు సముద్రం మీదికి వెళ్ళిపోయాయి. కామేశ్ కూడా వెళ్ళాడు. శిబిరానికి వచ్చిందే కొద్దిమంది. వాళ్ళలో లక్ష్మమ్మ ఉంది. వచ్చి బల్ల మీద చెయ్యి చాపింది.

"గొట్టం కాదు, ఎంత కావాలంటే అంత తీసుకోండి. నాది సూసి ఆడి జబ్బేటో సెప్పండి."

హిమజ మాస్టారి వైపు చూసింది. ఔననాలని ఆయన ప్రాణం కొట్టుకుంది. ఔనంటే వదిన మళ్ళీ ముఖం చూస్తుంది. కానీ ఇంకోసారి నోటికొచ్చింది చెప్పడానికి ధైర్యం చాలలేదు.

"కుదరదు వదినా. వాడి సంగతి తెలియాలంటే వాడి రక్తమే కావాలి."

"నా కడుపున పుట్టినోడేరా!"

"అయినా కుదరదు."

ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకుంది.

"సరే, కూకో," అంది. "ఆడు ఒడ్డుకొచ్చేదాకా కూకో. నువ్వే ఆడికి సెప్పాల. ఆవేల నాకు సెప్పినట్టు కాదు, నిన్న ఈదిలో సెప్పించినట్టు సెప్పు."