మార్చి నెల సంతకం

ప్రతి మార్చిలోనూ ఒక ఉదయం ఇదానియా భర్త చొక్కాను రెండుసార్లు ఇస్త్రీ చేస్తుంది. ఒకసారి చాలు. కానీ పెళ్లయిన మొదటి ఏడు, రాజధానిలోని వలస కార్యాలయానికి బయలుదేరుతూ ఎల్యెసెర్ కాలరు చూసుకుని, "నీ పని మీదే కదా వెళ్తున్నాం, ఈ ఒక్కరోజైనా నన్ను మనిషిలా పంపకూడదూ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఏదన్నా నవ్వుతూనే అంటాడు. అందుకే అతని మాటలు ఎవరితోనూ చెప్పుకోవడానికి కుదరవు.

ఇదానియాది నికరాగువా. పంతొమ్మిదో ఏట కాఫీ పళ్లు కోయడానికి నది దాటి కోస్టారికా వచ్చింది. ఎల్యెసెర్ అలహువేలాలో బస్సు నడుపుతాడు. తోటల నుంచి తిరిగొచ్చే ఆడవాళ్లు ఎక్కే బస్సు అది. చిల్లర తిరిగిచ్చేటప్పుడు ఆమె చేతిని ఒక క్షణం ఎక్కువసేపు పట్టుకునేవాడు. పెళ్లయ్యాక ఆమెకు భార్యగా ఈ దేశంలో ఉండే కార్డు వచ్చింది, ఒక్క ఏడాదికి. ప్రతి మార్చిలో ఇద్దరూ వలస కార్యాలయం కిటికీ ముందు నిలబడాలి. ఈమె ఇంకా నా భార్యే, నాతోనే ఉంటోంది అని అతను సంతకం పెట్టాలి. అప్పుడు ఇంకో ఏడాది.

ఒక్కోసారి కిటికీలో అధికారి ప్రశ్నలు వేస్తారు. నిజంగా కాపురం చేస్తున్నారో లేదో తేల్చుకోవడానికి. ఇదానియా అన్నీ కంఠస్థం చేసేది. అతని చెప్పుల సైజు, చిన్నప్పుడు విరిగిన చెయ్యి ఏదో, ఏ వైపు తిరిగి పడుకుంటాడో. మూడో ఏడు అధికారి ఎల్యెసెర్‌నే అడిగింది, మీ అత్తగారి పేరేమిటని. అతను పైకప్పు వైపు చూశాడు. అప్పటినుంచి ఆమె తన తల్లి పేరు, తను పుట్టిన రోజు, తనకిష్టమైన కూర చిన్న కాగితం మీద రాసి అతనికి ఇస్తోంది. అతను బస్సులో చదువుకుని, దిగేటప్పుడు తిరిగిచ్చేస్తాడు.

మిగతా పదకొండు నెలలూ మార్చి ఇంట్లోనే ఉండేది. మామూలు మాటల మధ్య, గిన్నెల మధ్య. అత్తగారు దోన్యా ఫ్లోరీ చెడ్డ మనిషేమీ కాదు. ఒకసారి ఇదానియా తన ఊరి పద్ధతిలో ఎర్ర చిక్కుడు గింజలు ఉడికిస్తే, కుండ పట్టుకెళ్లి పెరట్లో కుమ్మరించి వచ్చి, "ఈ ఇంట్లో నల్లవే తింటాం, తెలీదేమోనని" అంది. బేకరీ పని నేర్చుకోవడానికి శనివారాలు క్లాసుకు వెళ్తానంటే ఎల్యెసెర్ అడ్డు చెప్పలేదు. శనివారాలు అమ్మ ఒక్కతే ఉంటుంది, మార్చి కూడా ఎంతో దూరం లేదు అన్నాడు, అంతే. ఆమె వెళ్లలేదు. అతని పుట్టినరోజున స్నేహితులు కూర్చుని తాగుతుంటే, "ఈ ఏడు సంతకం పెట్టమంటారా, వద్దా? చేతులెత్తండి" అన్నాడు. అందరూ నవ్వుతూ చేతులెత్తారు. వేయించిన అరటికాయ ముక్కల పళ్లెం పట్టుకుని నిలబడిన ఇదానియా కూడా నవ్వింది. ఎన్ని చేతులు లేచాయో లెక్కపెట్టింది కూడా.

పెళ్లయిన ఆరో ఏట కూతురు నహోమి పుట్టింది. తుమ్మిన ప్రతిసారీ తన తుమ్ముకు తనే ఉలిక్కిపడి, ఎవరు చేశారీ పని అన్నట్టు చుట్టూ చూసే పిల్ల. ఎండ కళ్లలో పడితే తుమ్ముతుందని, ఆ చూపు కోసం ఇదానియా రోజూ ఉదయం కిటికీ తెరిచి దాన్ని ఎండలో కూర్చోబెట్టేది. దోన్యా ఫ్లోరీ మనవరాలిని భుజాన వేసుకుని ఇరుగుపొరుగుకు చూపిస్తూ, "ఇది ఈ మట్టిలో పుట్టిన పిల్ల. దీనికి దేశం ఉంది, దీని అమ్మకు మార్చి ఉంది" అనేది. బాగా పేలిందని ఆ మాట మూడు నాలుగు ఇళ్లలో చెప్పింది.

నహోమికి మూడో టీకా వేయించే రోజు, ఆరోగ్య కేంద్రం వరుసలో ముందు నిలబడిన ఆవిడ ఇదానియా మాట తీరు పట్టేసింది. పేరు కాండిదా, తనదీ నది అవతలే. చంకలో కవలలు. ఆ మాటా ఈ మాటా అయ్యాక ఇదానియా కార్డు అడిగి చూసింది.

"పిల్ల ఇక్కడే పుట్టిందా?"

"ఇక్కడే."

"మరి ఇంకా మొగుడి చెయ్యి పట్టుకు తిరుగుతావేంటే? బిడ్డ ఈ దేశానిదైతే తల్లికి శాశ్వత నివాసం అడిగే హక్కుంది. మొగుడు రానక్కర్లేదు. నా పొట్ట కనపడగానే మావాడు మాయమయ్యాడు. వాడు చేసిన మేలు అదొక్కటే. నేను ఎవరినీ వెంటేసుకెళ్లకుండా నా పని నేనే చేసుకోవచ్చని అప్పుడే తెలిసింది."

ఇదానియా ఇంటికొచ్చి పాలసీసాలు మరిగించింది. తనకు ఎవరూ చెప్పకపోవడంలో కుట్రేమీ లేదని ఆమెకు అర్థమైంది. ఆ ఇంట్లో వాళ్లు ఇక్కడే పుట్టారు, ఇక్కడ ఉండటానికి నియమాలున్నాయని చదవాల్సిన అవసరం వాళ్లకెప్పుడూ రాలేదు. పెళ్లామంటే మొగుడి సంతకం, వాళ్లకు తెలిసింది అంతే. చదవాల్సిన అవసరం ఉన్నది తనకు. కాగితాలన్నీ ఎల్యెసెర్ బీరువాలో ఉన్నాయి కదా అని ఆమె ఆరేళ్లు ఊరుకుంది.

తన మీద కేసులేవీ లేవని పుట్టినూరి పోలీసులిచ్చే ధ్రువపత్రం చెల్లెలు బస్సులో పంపింది. పిల్ల జనన పత్రం తనే వెళ్లి తెచ్చుకుంది. అన్నీ డైపర్ల సంచి అడుగున పెట్టింది. ఆ ఇంట్లో ఇంకెవరూ తెరవని సంచి అదొక్కటే.

మార్చి వచ్చింది. దారి పొడవునా చెట్లు ఆకులు రాల్చేసి నిండా గులాబీ రంగు పూలు పూశాయి. ఎల్యెసెర్ బస్సులో కాగితం అడిగితే, నహోమిని ఒళ్లో పెట్టుకున్న ఇదానియా ఈసారి రాయలేదంది. "పాసైపోయానన్నమాట" అన్నాడు.

కిటికీలో నడివయసు అధికారి, తల ఎత్తకుండానే, దేని ఆధారంగా దరఖాస్తు అని అడిగింది.

"భార్య" అని ఎల్యెసెర్ తన గుర్తింపు కార్డు లోపలికి తోశాడు.

"కాదండీ, తల్లిగా" అంది ఇదానియా. సంచి అడుగునుంచి కాగితాలు తీసి అందించింది. "ఆ ఆధారం మార్చి, శాశ్వత నివాసానికి అడుగుతున్నాను."

అధికారి ఒక్కొక్క కాగితమే చూసింది. తర్వాత ఎల్యెసెర్ కార్డును వేలితో బయటికి జరిపింది. "ఇది అక్కర్లేదు సార్."

"నేనెక్కడ సంతకం పెట్టాలి మరి?"

"మీరు పెట్టేది లేదు. పాపను ఎత్తుకోండి, ఆవిడ పెడతారు."

అతను పాపను ఎత్తుకున్నాడు. ఇదానియా మూడు చోట్ల సంతకం పెట్టింది. తన పేరు అంత పొడుగ్గా ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసొచ్చింది, కొంచెం సంతోషం కూడా కలిగింది.

ఇంటికొచ్చాక దోన్యా ఫ్లోరీ విని, ఇంత గుట్టు ఎవరు నేర్పారే నీకు అని అడిగింది. కొన్నాళ్లు మాట్లాడలేదు. మళ్లీ మోకాళ్లకు నూనె రాయాల్సి వచ్చినప్పుడు మాట్లాడింది.

జులైలో నిర్ణయం వచ్చింది. శాశ్వత నివాసం మంజూరైంది. ఆ ఆదివారం మధ్యాహ్నం రేకుల మీద వాన దంచుతోంది. భోజనాల దగ్గర ఎల్యెసెర్ ఆ కాగితాన్ని రెండు వైపులా చదివాడు. వెనకవైపు ఏమీ లేదు. ఈసారి నవ్వకుండా అడిగాడు.

"అయితే ఇక వెళ్లిపోతావా?"

ఇదానియా అతని ముఖం చూసింది. కుడి కనుబొమ మీద చిన్న మచ్చ, నుదుటి మీద కొత్తగా పడ్డ గీత. ఏ అధికారి ఏమడిగినా చెప్పగలిగేంతగా ఈ మనిషిని చదివింది. ఇతను తనకు ఇష్టమేనా అని మాత్రం ఆరేళ్లలో ఒక్కసారీ చూసుకోలేదు. చూసుకుని చేసేదేమీ లేదు కదా.

"తెలీదు ఎల్యెసెర్" అంది. "నువ్వంటే నాకు ఇష్టమో కాదో ఇప్పుడే ఆలోచించడం మొదలుపెట్టాను."