సముద్రం పడనివాడు

సీసం కరిగేటప్పుడు ముందు అంచుల దగ్గర మెరుస్తుంది. ఆ మెరుపు మధ్యదాకా పాకేవరకూ పరదేశి మూకుడు మీంచి చూపు తిప్పడు. ఆ ఉదయం కూడా చోడవరంలో అనకాపల్లి రోడ్డు పక్కనున్న తన రేకుల షెడ్డులో, బొగ్గుల కుంపటి ముందు గొంతుక్కూర్చుని అలాగే చూస్తున్నాడు. చెరకు లారీ బ్యాటరీ ఒకటి విప్పి ఉంది. చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగు మొదలై నెల కావడంతో ఊరంతా మడ్డి వాసన. షెడ్డులో మాత్రం యాసిడ్ వాసనదే పైచెయ్యి.

మూకుడు దింపబోతే కుడి మణికట్టు లేవలేదు. ఈమధ్య తరచూ అంతే. వేళ్లు పట్టుకుంటాయి గానీ చెయ్యి కిందికి వేలాడిపోతుంది. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి, పట్టకారు సరిచేసుకుని, సీసాన్ని అచ్చులో పోశాడు. చుక్క కింద పడలేదు.

యాభై దాటిన మనిషి. ఎముకల గూటికి చొక్కా తగిలించినట్టుంటాడు. ఆ చొక్కా నిండా యాసిడ్ తిన్న చిల్లులు. నవ్వితే చిగుళ్ల మీద నీలిగీత కనిపిస్తుంది. ఒంట్లోకి సీసం ఎక్కిందనీ ఆ పని మానెయ్యమనీ అనకాపల్లి డాక్టరు చెప్పాడు. పరదేశి బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి, కుంపటి రాజేశాడు. మరో పని రాదు అతనికి.

అతను పుట్టింది పూడిమడకలో, సముద్రం ఒడ్డున. పెద్దకొడుకు తర్వాత పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కకపోతే, వీడైనా నిలవాలని, ఎవరి బిడ్డో అన్నట్టు తల్లి పరదేశి అని పేరు పెట్టింది. బతికాడు గానీ సముద్రం పడలేదు. తెప్ప ఒడ్డు విడిస్తే చాలు, కడుపులో పేగులు నోటికొచ్చేవి. తండ్రి కొట్టి ఎక్కించాడు, బుజ్జగించి ఎక్కించాడు. ప్రతిసారీ శవంలా దించుకొచ్చాడు. పదిహేనో ఏట చోడవరం పంపేస్తే బ్యాటరీల షాపులో కుదిరాడు. అక్కడే పని నేర్చాడు, సన్యాసమ్మని చేసుకున్నాడు, సొంత షెడ్డు వేసుకున్నాడు. లారీలకీ ట్రాక్టర్లకీ చేస్తూనే, అన్న పెదబాబు ఇంజను పడవ కొన్నాక దానికీ బ్యాటరీలు తనే కట్టిచ్చేవాడు. తను ఎక్కలేని పడవకి వెలుగు తన చేతిమీదుగా వెళుతోందని లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ గర్వం పోయిన మాఘంలో పోయింది. వేటలో ఉండగా పడవ లైటు ఆరిపోయింది. ఆ చీకట్లో పెద్ద బోటు ఒకటి వచ్చి గుద్దింది. వలల మీద పడుకున్న పెదబాబు కొడుకు బాబీ మళ్లీ పైకి తేలలేదు. ఇరవై రెండేళ్లవాడు.

షెడ్డు మూలన నల్లటి డబ్బా ఒకటి మూడు రోజులుగా చార్జింగులో ఉంది. మూతల్లోంచి సన్నటి బుడగల చప్పుడు. వారం కిందట పెదబాబే కబురు పెట్టాడు, కొత్త పడవకి బ్యాటరీ కావాలని. షాపులో కొన్నది అలల కుదుపుకి ఆగలేదట.

పదకొండింటికి పెదబాబు వచ్చాడు. ఏడాదిలో తల మొత్తం తెల్లబడిపోయింది. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అయ్యిందేట్రా?"

"అయ్యిందన్నియ్యా. కూకో."

కూర్చోలేదు. బ్యాటరీ దగ్గరికెళ్లి, ముట్టుకోకుండా, వంగి చూశాడు. సన్యాసమ్మ ఇద్దరికీ అన్నం పెట్టింది.  చేతులు కడుక్కున్నాక బ్యాటరీని గోనెసంచిలో కట్టి పెదబాబు భుజానికెత్తబోతే పరదేశి ఆపాడు.

"నేనూ వస్తన్నాను. నా చేత్తోనే బిగిస్తాను."

"ఆ చేత్తోనా?" అంది సన్యాసమ్మ. వేలాడే మణికట్టు వైపే ఆమె చూపు. మొగుడు అప్పటికే చెప్పులు తొడుక్కుంటూంటే, "రేపు పెందలాడే వచ్చీయ్" అని మాత్రం అంది.

బస్సులో బ్యాటరీని కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నారు. అనకాపల్లిలో బస్సు మారారు. ఊరు దాటి, చెరకు తోటలు పల్చబడి, గాలిలో ఉప్పు తగిలేసరికి పరదేశి అన్నవైపు తిరిగాడు. ఇక ఆలస్యం చేస్తే చెప్పలేననిపించింది.

"అన్నియ్యా, బాబీ పోయినప్పటి బ్యాటరీలో పాత సెపరేటరు ఏసేను."

పెదబాబు తల తిప్పాడు.

"ప్లేటుకీ ప్లేటుకీ తగలకుండా మజ్జిన పెడతాం సూడు, అది. ఒకటి తక్కువొచ్చింది. వైజాగు నుంచి పార్సిలు రానేదు. నువ్వేమో తెల్లారితే ఏటకెల్లాలన్నావు. పాతది కడిగి ఏసీసేను. ఒక్కదానికి ఏటవుద్దిలే అనుకున్నాను. అక్కడే కాలిపోయుంటాది."

బస్సు రెండు ఊళ్లు దాటింది. పెదబాబు కిటికీ చువ్వ పట్టుకుని బయటికి చూస్తూ ఉండిపోయాడు. ఆ చేతి మీద నరాలు తాళ్లలా లేచాయి. కొడతాడేమోననుకున్నాడు పరదేశి. కొడితే బాగుండుననీ అనుకున్నాడు.

"నువ్వు సెప్పకపోతే నాకు తెలిసీది కాదు" అన్నాడు చివరికి పెదబాబు.

"తెలీదు."

"మరెందుకు సెప్పేవురా?"

పరదేశి కాళ్ల మధ్యనున్న సంచి మీద చెయ్యి వేశాడు. "ఇది కడతన్నన్ని రోజులూ నీకు సెప్పకండా ఇందులో సీసం ఎలా పొయ్యనా అనిపించింది" అన్నాడు.

పూడిమడకలో దిగాక పెదబాబు బ్యాటరీని భుజానికెత్తుకుని ముందు నడిచాడు. ఒక్కసారీ వెనక్కి చూడలేదు. తమ్ముడిని రమ్మనలేదు, వద్దనలేదు.

ఒడ్డున కొత్త పడవ నీలం రంగులో ఉంది. పరదేశి దానికి చెక్కగూడు బిగించి, బ్యాటరీ దించి, నాలుగు వైపులా తాళ్లు లాగి కట్టాడు. కుడిచేయి లొంగని చోట పళ్లతో లాగాడు. వైర్లు తగిలించి స్విచ్చి వేస్తే కర్ర మీది లైటు వెలిగింది. ఎండ ఇంకా ఉండడంతో ఆ వెలుగు ఎవరికీ ఆనలేదు. పరదేశి మాత్రం అరచెయ్యి అడ్డుపెట్టి చూసుకున్నాడు.

వదిన మంగాయమ్మ కూడు మూట తెచ్చింది. బాబీ పోయిన దగ్గర్నుంచీ ఆమె మరిదితో మాట్లాడలేదు. పెదబాబు ఆమెను పక్కకి పిలిచి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో పరదేశికి తెలుస్తూనే ఉంది. ఆమె ముఖం ఇటు తిరిగింది. చాలాసేపు చూసి, ఇసుకలో చతికిలబడింది.

పడవని నీళ్లలోకి నెడుతుంటే పరదేశి కూడా మోకాలిలోతు నీళ్లలోకి దిగి, అంచు పట్టుకున్నాడు.

"నేనూ ఎక్కుతాను."

"నీకు సముద్రం పడదు కదరా."

"పడదు. లైటు ఆరితే నేనూ అందులోనే ఉండాలి."

పెదబాబు అతని ముఖంలోకి చూశాడు. తర్వాత చెయ్యి చాచి, ఆ వేలాడే మణికట్టు పట్టుకుని పైకి లాగాడు. మంగాయమ్మ లేచి నీళ్లలోకొచ్చింది. కొంగు ముడి విప్పి ఒక నిమ్మకాయ తీసి, పరదేశి ఒళ్లో పడేసి తిరిగి వెళ్లిపోయింది.

మొదటి అల దాటకముందే కక్కాడు. రెండో అలకి కడుపులో ఏమీ మిగల్లేదు. అయినా బ్యాటరీ గూటికి వీపు ఆనించి, నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని, లైటు వైపు తలెత్తి కూర్చున్నాడు. ఒడ్డున ఇళ్లు చిన్నవై, చుక్కలై, కలిసిపోయాయి. తండ్రి ఎన్నిసార్లు కొట్టినా చూడలేకపోయిన దూరాన్ని ఆ రోజు చూశాడు.

మర్నాడు తూర్పు తెలుపెక్కుతుండగా పడవ తిరిగొచ్చింది. కర్ర మీద లైటు వెలుగుతూనే ఉంది. ఒడ్డున ఉన్నవాళ్లు ముందు చూసింది దాన్నే. చేపలు దించడానికి ఎదురెళ్లిన మంగాయమ్మకి పడవలో ఎవరూ కదలకపోవడం తర్వాత కనిపించింది. పరదేశి గూటికి ఆనుకుని కూర్చున్నాడు. తల పక్కకి వాలి ఉంది. పెదబాబు తన తువ్వాలు అతని ఒంటి మీద కప్పాడు.

"కోడికూత ఏళకి అడిగేడు, అన్నియ్యా ఎలుగుతందా అని" అన్నాడు పెదబాబు. "ఎలుగుతందిరా అన్నాను. మరి మాటాడనేదు. నిద్దరోయేడనుకున్నాను."

నలుగురూ పట్టి దించారు. బరువే లేడని ఒకరన్నారు. చోడవరానికి మనిషిని పంపారు. పెదబాబు వంగి స్విచ్చి మీద వేలు పెట్టి, వెనక్కి తీసుకున్నాడు. లైటు ఆర్పడానికి చెయ్యి రాలేదు. సూర్యుడు పైకొచ్చి దాని వెలుగు కనిపించకుండా పోయేదాకా దాన్ని అలాగే ఉండనిచ్చారు.

శవంతో అందరూ ఇంటివైపు నడిచాక మంగాయమ్మ ఒక్కతే వెనకబడింది. నిన్న పడవ ఎక్కేముందు పరదేశి విడిచిన రబ్బరు చెప్పులు అల అందని చోట, పక్కపక్కన, సముద్రం వైపు తిరిగి ఉన్నాయి. ఒకదానికి తెగిన బొటనవేలి ఉంగటాన్ని రాగితీగతో కలిపి, కాలికి గుచ్చుకోకుండా కొసని లోపలికి మడిచి ఉంది.