నీలం మూతికి బొట్టు

కుప్పం గంగులయ్య పొద్దున్నే పుంగనూరు వచ్చి కుసుమ వాళ్ళ హాల్లో కూర్చున్నాడు. రాత్రికి ఆయన కూతురి రిసెప్షన్. అక్కడ తెర మీద వేయాల్సిన పెళ్ళి వీడియో ఆయన తెచ్చిన హార్డ్‌డిస్కులోకి ఎక్కాలి, ఆయన మధ్యాహ్నం బస్సెక్కాలి.

పెళ్ళిళ్ళు వీడియో తీసేది నాగేంద్ర. దాన్ని నలుగురూ చూడదగ్గట్టు కత్తిరించేది అతని భార్య కుసుమ. ఆమె పాత ల్యాప్‌టాప్ పనికి గట్టిదే గానీ, బయటి డిస్కుకు ఏదైనా ఇవ్వమంటే మాత్రం పిసినారి చందా ఇచ్చినట్టు కొంచెం కొంచెంగా వదిలేది. అందుకే నాగేంద్ర నిన్న మదనపల్లె వెళ్ళి, ల్యాప్‌టాప్ పక్క సందులో దూర్చే కార్డొకటి తెచ్చాడు. దాని చివర నీలం రంగు యూఎస్‌బీ మూతి. డిస్కు వైరు అందులో పెడితే వేగం చూసి కళ్ళు తిరుగుతాయని కొట్టువాడి మాట.

కార్డు దూర్చారు. వైరు పెట్టారు. తెర మీద మళ్ళీ పాత పాటే: సాయంత్రం దాకా పడుతుంది.

"మోసం చేసినాడు కుసుమా! వానికి ఫోన్ చేస్తా ఉండు" అని నాగేంద్ర వాకిట్లోకి పోయాడు. ఫోన్ లేకపోయినా మదనపల్లెకు వినబడేటట్టే ఉంది ఆ గొంతు.

గంగులయ్య మొహం వాడిపోయింది. "ఏమ్మా, కాదా? వియ్యంకుల ముందర వట్టి తెర సూపించాల్నా?"

"అయితాది కూర్చోండప్పా, కాఫీ తాగండి" అంటూ కుసుమ కార్డు బయటికి లాగింది. వేళ్ళకు ఎర్రగా అంటింది. మూతిని వెలుతురుకు పెట్టి చూస్తే, వేగం కోసమే పెట్టిన ముందరి రేకుల మీద గంధం, గంధం మీద కుంకుమ, ఎండి పెచ్చుకట్టి ఉన్నాయి.

"అత్తా, దీనికి పూజ చేసినావా?"

సుశీలమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. "కొత్త సామాను గదమ్మా, దేవుని దగ్గర పెట్టి బొట్టు పెట్న్యా. యాల?"

"బొట్టు నోట్లో పెట్టినావు!"

"దాని మొగం యాడుండాదో నాకెట్ల తెలుస్తాది? నీలంగా మెరస్తాంటే అదే మొగమనుకుంటి."

కుసుమ నవ్వు బిగబట్టి, పాత టూత్‌బ్రష్‌తో పొడిగా గీకి, ఊది, అత్త మనసు నొచ్చుకోకుండా కార్డు వీపున కుంకుమ చుక్కొకటి పెట్టి మళ్ళీ దూర్చింది. గంగులయ్య కాఫీ చల్లార్చుకునేలోపు వీడియో సగం దాటింది. కాసేపటికి ఆయన డిస్కును పసిబిడ్డలా చంకలో పెట్టుకుని బస్టాండుకు బయల్దేరాడు.

నాగేంద్ర మీసం సవరించుకుంటూ లోపలికి వచ్చాడు. "గట్టిగా అడిగితే దారికొచ్చినాడు సూడు! ఆడ్నుంచే ఏదో నొక్కినట్టుండాడు."

"మీ గొంతంటే మాటలా" అంది కుసుమ.

"రేయ్ నాగేంద్రా, మిక్సీ గూడా తిరగల్యా" అని వంటింట్లోంచి సుశీలమ్మ కేకేసింది. "దాన్ని అమ్మినోనికీ ఒక ఫోన్ కొట్టు నాయనా!"