దించని బోర్డు

పల్లపు వీధుల మురుగంతా ఆ ఒక్క పంప్‌హౌస్‌కే చేరుతుంది. అక్కడ పాతికేళ్లుగా మోటార్లు నడుపుతున్నావిడను అందరూ మోటారక్క అంటారు. మునుపు నెలంతా కురిసే వాన ఈమధ్య ఒక్క పూటలోనే కుమ్మరించి పోతోంది. మోటార్లు నీళ్లలో పనిచేసేవే, స్విచ్చుల బోర్డే తడవకూడదు. వరుసగా రెండేళ్లు అది మునిగింది. మోటార్లు ఆగి, మురుగు ఎదురుతన్ని, ఇళ్లల్లోకి మరుగుదొడ్ల గుండా పొంగుకొచ్చింది. రెండోసారి ఆమె ఇంట్లోకీ వచ్చింది. మంచం పట్టిన అత్తగారిని మోకాలిలోతు మురుగులోంచి చేతుల మీద మోసుకొచ్చింది.

బోర్డును పైకెత్తమని నాలుగు అర్జీలు పెట్టుకుంది. "చూద్దాం" అన్నాడు ఇంజనీరు. ఆ చూడ్డం ఏడాదైనా తెమల్లేదు.

ఎండాకాలం చివర ఒక ఆదివారం, వెల్డింగ్ పనిచేసే మరిదిని పిలిచింది.

"వదినా, ఉద్యోగం ఊడితే?"

"ఊడితే ఊడనీ. మీ అమ్మని మళ్లీ ఆ నీళ్లలోంచి మొయ్యలేను. ఐదడుగుల స్టాండు చెయ్యి."

కరెంటు ఆపి, తీగలు విప్పి, బోర్డు ఎత్తాక తానే మళ్లీ బిగించింది.

సోమవారం ఇంజనీరు వచ్చి నిప్పులు చెరిగాడు. "ఎవర్నడిగి చేశావ్? సాయంత్రంలోగా దించెయ్!"

"దించను సార్."

మెమో ఇచ్చాడు. సంతకం పెట్టి తీసుకుంది. దించడానికి ఇద్దరు కూలీల్ని పిలిపిస్తే, వాళ్లు బోర్డుకేసి చూసి చేతులు కట్టుకున్నారు. "మా ఇళ్లూ ఆ పల్లంలోనే సార్" అన్నాడు పెద్దవాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఆకాశానికి చిల్లుపడింది. పంప్‌హౌస్‌లోకి నడుములోతు నీళ్లొచ్చాయి. మోటారక్క స్టాండు మెట్టెక్కి నిలబడి, చీకటిపడే దాకా మోటార్లు ఆగనివ్వలేదు. రోడ్లయితే మునిగాయి గానీ, ఒక్క ఇంట్లోకీ మురుగు రాలేదు.

మర్నాడు ఇంజనీరు గొంతులో వెన్న చేరింది. "నేను చెబితేనే ఎత్తావని రిపోర్టులో రాయమ్మా. మెమో చించేస్తా."

"ఉండనివ్వండి సార్. మీరు దించమన్నారనే రాశాను. వచ్చేసారి నీళ్లు గుండెలదాకా వస్తాయి, నడుమెత్తు దిమ్మె మీదున్న జనరేటర్‌నీ మేడెక్కించాలని కూడా రాశాను."

ఆ ఏడు ఇంక్రిమెంటు కోశారు. మరిది నొచ్చుకుంటే, అత్తగారు మంచం మీంచే కసిరింది. "కోసుకోనీరా! పొడి మంచం మీద పడుకున్నాను, అది చాలు."

వారం తిరక్కుండా వేరే పంప్‌హౌస్‌ల నుంచి ఇద్దరు ఆపరేటర్లు టేపు పట్టుకుని వచ్చారు.

"ఎంతెత్తు పెట్టమంటావక్కా?"

"నాకు ఈసారికి ఐదడుగులు సరిపోయింది. మీరు ఏడు పెట్టండి."

"మెమో ఇస్తే?"

"తీసుకోండి. బోర్డు మాత్రం దించకండి."