ముట్టుకోకపోతే పలికే బొమ్మ

ఇంగ్లండులో మా డెర్బీ ఊళ్లో ఎవరినైనా ప్రేమగా పిలవాలంటే ‘బాతూ’ అంటాం. బస్సు డ్రైవరూ బాతే, పళ్ళ డాక్టరూ బాతే, మా ఆయన లెన్ బతికున్నన్నాళ్లూ నాకు బాతే. ఆయన పోయాక ఇంట్లో ఆ మాట అనడానికి టీ కెటిల్ తప్ప ఎవరూ మిగల్లేదు. కెటిల్ మంచిదే, కాకపోతే మరిగినప్పుడే పలుకుతుంది.

అందుకే వీడియో ఆటల కంపెనీలో చేరాను.

మా వీధి చివర పేపర్ల కొట్టు అద్దానికి ఒక చీటీ అంటించి ఉంది. ఆటలు ఆడి తప్పులు పట్టేవాళ్లు కావాలి, చదువు అక్కర్లేదు అని. చదువు అక్కర్లేదన్న ముక్క నాకోసమే రాసినట్టుంది. నేను బడి మానేసి మేజోళ్ల మిల్లులో చేరేనాటికి మెషీను నాకన్నా పొడుగు. అక్కడ నా బొటనవేళ్లు ఎంత జోరుగా తిరిగేవంటే, ఎండాకాలంలో పక్కవాళ్లు గాలి కోసం నా దగ్గరికొచ్చి కూర్చునేవాళ్లు. ఈ మాట చెబితే ఆఫీసులో గారెత్ నవ్వి, అప్పటికప్పుడే పనిలో పెట్టుకున్నాడు.

గారెత్ అక్కడ పెద్ద. తివాచీల కొట్టు మీద అంతస్తులో ఆఫీసు. వాళ్లు సొంతంగా ఆటలు పుట్టించరు. టీవీలో పేరున్న పాటగత్తెనో, పిల్లలు మారాం చేసే బొమ్మనో తెచ్చి, పేరుకి డబ్బు కట్టి, ఆ పేరు మీద ఆట చేస్తారు. నేను చేరినప్పుడు మిరాబెల్ వెయిన్ ఆట నడుస్తోంది. మిరాబెల్ పాడుతుంది, ఆమె పోలికతో ఒక కంపెనీ బొమ్మ అమ్ముతుంది, ఆ బొమ్మ గుర్రమెక్కి జడపిన్నులు ఏరుకుంటూ పోవడమే మా ఆట.

ఒక్క ఆటకి ఇద్దరు యజమానులు. మిరాబెల్ మనుషులు లండన్‌లో, బొమ్మల కంపెనీవాళ్లు ఇంకెక్కడో. ఏం చేసినా ఇద్దరూ సరే అనాలి. బొమ్మ పడకూడదు. బొమ్మకి బురద అంటకూడదు. బొమ్మ మొహం దిగులుగా ఉండకూడదు. అసలు మిరాబెల్ జుట్టుకి రంగు మార్చినప్పుడల్లా ఆటలోనూ మార్చమని లండన్‌వాళ్లు, బొమ్మలన్నీ పచ్చజుట్టుతో తయారైపోయాయి ముట్టుకోవద్దని బొమ్మలవాళ్లు. ఆ లాగులాటలో ఒక వారం బొమ్మ బోడిగుండుతోనే గుర్రం తోలింది.

నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడేదాన్ని. తప్పు కనపడితే గారెత్‌కి చెప్పాలి. అతను దాన్ని తప్పుల పట్టీలో ఎక్కిస్తాడు, కుర్రాళ్లు సరిచేస్తారు. పట్టీ ఖాళీ అయిన రోజు ఆట అమ్మకానికి అచ్చుకి వెళుతుంది, ఆ రోజే మా తప్పులు పట్టేవాళ్లందరినీ ఇళ్లకి పంపేస్తారు. పక్క కుర్చీలో షారన్ అనే పిల్ల ఆ రోజు కోసం కళ్లు కాయలు కాసేలా చూసేది. నాకు మాత్రం ఆ రోజు రాకూడదని ఉండేది. ఇంటికెళితే పలికేవాళ్లు లేరు. అంతకుమించి ఏం లేదు.

అందుకని తప్పులు కాస్త పెద్దవి చేసి చెప్పేదాన్ని.

“గారెత్ బాతూ, గుర్రం ఎగిరి చంద్రుణ్ణి కొరికింది. చంద్రుడిప్పుడు బిస్కట్టు ముక్కలా ఉన్నాడు.”

“కంచె దాటి కాస్త పైకి లేచిందంటారా?”

“కాస్తా? దాని నోటి చుట్టూ ఇంకా పొడి ఉంది!”

ఇంకోరోజు, “బొమ్మ తల ఊడిపోయి మాంసం కొట్టుకెళ్లింది” అన్నాను.

“మావిస్, ఈ ఆటలో మాంసం కొట్టే లేదు.”

“అందుకేగా బాతూ, తలకి అంత కోపం!”

గది గదంతా పడీపడీ నవ్వేది. షారన్ కళ్లు తుడుచుకుంటూ, “నానమ్మా, నీ నోటికి ఒక తాళం కావాలి, నాకు ఒక టీ కావాలి. రెండోది ముందు తే” అనేది. పరుగున తెచ్చేదాన్ని. అడిగేవాళ్లుంటే టీ పెట్టడం ఎంత బాగుంటుందో మీకు తెలీదు.

ఇలా ఉండగా లండన్ నుంచి కొత్త మాట వచ్చింది. ఆడేవాళ్లు చెయ్యి తీసేసి ఊరుకుంటే బొమ్మ కూడా ఊరికే నిలబడుతోంది, అది ఒంటరిగా ఉన్నట్టు కనిపిస్తోంది, మా మిరాబెల్ ఒంటరిగా కనపడకూడదు, ఏదైనా మాట్లాడించండి అని. మిరాబెల్ ఇంకా గొంతు ఇవ్వడానికి రాలేదు. అంతవరకూ ఖాళీ జాగాల్లో ఆఫీసువాళ్లే ఎవరో ఒకరు మాటలు చెప్పి నింపడం అక్కడ అలవాటు. శబ్దాలు చూసే ఇయాన్ నన్ను బయటి చప్పుడు రాకుండా దుప్పట్లు వేలాడదీసిన అలమారాలోకి తోసి మైకు చేతికిచ్చాడు.

“ఏం చెప్పాలి?”

“ఏదో ఒకటి చెప్పండి మావిస్. ఎలాగూ తీసేస్తాంగా.”

చీకటి, ఉన్నిదుప్పట్ల వాసన. నాకు మా ఇంటి వాకిలి గుర్తొచ్చింది. రోజూ తలుపు తీసి లోపలికి అడుగుపెడుతూ అనే మాటే నోటికొచ్చింది.

“ఉన్నావా బాతూ? కాస్త పలకవూ?”

తర్వాత మిరాబెల్ వచ్చింది. మెడకి రెండు గజాల మఫ్లరు, టీ చల్లారేలోపు పని ముగించి వెళ్లిపోయింది. కాగితం మీదున్న మాటలన్నీ చదివింది. నా మాట కాగితం మీద లేదు. ఆమె గొంతుతో అన్నీ మార్చామనుకున్నారు.

పట్టీలో ఇంకా రెండో మూడో మిగిలి ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అందరూ షారన్ పుట్టినరోజు కేకు కోసం కిందికి వెళ్లారు. నేను పళ్లెం కడగడానికి వెనకాలే ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి గది ఖాళీ. నా తెర మీద బొమ్మ నిలబడి నాకేసి చూసింది.

“ఉన్నావా బాతూ? కాస్త పలకవూ?”

నా గొంతే. నోరు మిరాబెల్‌ది, గొంతు నాది. పళ్లెం జారి నా కాలి మీద పడింది. పళ్లెం పగల్లేదు, కాలే వాచింది. మెట్లు దిగి ఒక్క పరుగు తీశాను.

“గారెత్! మిరాబెల్ నా గొంతుతో పలికింది! ఉన్నావా అని నన్నే అడిగింది!”

నోటినిండా కేకుతో అందరూ గొల్లున నవ్వారు. “తల ఎక్కడికెళ్లింది ఈసారి, చేపల కొట్టుకా?” అంది షారన్.

“ఒట్టు బాతూ, ఇది మాత్రం నిజం.”

గారెత్ మంచివాడు, పైకొచ్చి చూశాడు. నా కుర్చీలో కూర్చున్నాడు. “ఏదీ?” అంటూ బటన్ నొక్కాడు.

“నొక్కకు. చెయ్యి తియ్యి, ఊరుకో.”

ఊరుకోవడం అతనికి చేతకాదు. ఆ గదిలో ఎవరికీ చేతకాదు. ఆటలు చేసేవాళ్లు కదా, చేతిలో కంట్రోలర్ ఉంటే వేలు తనంతట తనే కదులుతుంది. కాసేపాగి ఒక నొక్కు, ఇంకాసేపాగి ఇంకో నొక్కు. నొక్కినప్పుడల్లా బొమ్మ హుషారుగా గుర్రమెక్కేది. ఇయాన్ వచ్చాడు, షారన్ వచ్చింది, అందరూ ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని ఆడారు. మనుషులున్నంతసేపూ అది పలకలేదు.

“మావిస్,” గారెత్ నా భుజం మీద చెయ్యి వేశాడు. “మీకు వెళ్లాలని లేదు, నాకు తెలుసు. కానీ క్రిస్మస్‌కి ఆట కొట్లలో ఉండాలి.”

పట్టీలో నా మాట ఎదురుగా ‘కనపడలేదు’ అని పెట్టి మూసేశాడు. ఆ వారమే ఆట అచ్చుకి వెళ్లింది. షారన్ నన్ను వాటేసుకుని, “ఫోన్ చెయ్యి నానమ్మా” అంది. నంబరు ఇవ్వడం ఆ పిల్ల మరిచిపోయింది, అడగడం నేను మరిచిపోయాను.

మళ్లీ కెటిల్, నేను.

క్రిస్మస్ వెళ్లాక, వాన పడుతున్న ఒక సాయంత్రం తలుపు కొట్టిన చప్పుడైంది. గారెత్. చేతిలో బేక్‌వెల్ కేకు, మొహంలో నెత్తురుచుక్క లేదు.

“మావిస్, మీరు చెప్పింది నిజమే.”

“ఏది? చంద్రుడా?”

“గొంతు.”

కూర్చోబెట్టి టీ పోశాను. చాలాకాలానికి రెండో కప్పు బయటికి వచ్చింది, దుమ్ము కడగాల్సొచ్చింది. ఆట డబ్బా మీద ఒక ఫోన్ నంబరుంటుంది, ఎక్కడైనా చిక్కుకుపోతే పిల్లలు అడగడానికి. ఆ నంబరుకి పిల్లలు కాదట, ముసలివాళ్లు చేస్తున్నారట. మనవలు ఆడి వెళ్లిపోతారు, ఆట ఆడే పెట్టె ఆపడం వీళ్లకి తెలీదు. ఇల్లు సద్దుమణిగాక తెర లోంచి ఎవరో ఉన్నావా అని అడుగుతున్నారు.

“భయపడుతున్నారా పాపం?”

“లేదు. ఎవరావిడ అని అడుగుతున్నారు. ఒకాయనైతే రోజూ జవాబు చెబుతున్నాడట. తీసెయ్యకండి అంటున్నాడు.”

నేను కప్పు కింద పెట్టాను. “ఏమని చెబుతున్నాడు జవాబు?”

“అది అడగలేదు మావిస్.” అతను కేకు గిల్లుతూ కూర్చున్నాడు. “మా గొంతు కాదని లండన్‌వాళ్లంటున్నారు. మాదీ కాదని బొమ్మలవాళ్లు. ఇద్దరూ ఒప్పుకోని గొంతు ఆటలో ఉందని తేలితే, అమ్మిన ప్రతి డబ్బా వెనక్కి తెప్పించాలి. ఆఫీసు మూసెయ్యాలి. ఇయాన్, కుర్రాళ్లు, అందరూ రోడ్డున పడతారు. అలాంటి గొంతేం లేదని చెప్పబోతున్నాను. ఎవరైనా వచ్చి అడిగితే...”

“నాది కాదనాలి.”

తల ఊపాడు. కళ్లెత్తి నాకేసి చూడలేకపోయాడు.

నేను నవ్వాను. మరేం చెయ్యను? పుట్టి బుద్ధెరిగాక నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది. “దిగులు పడకు బాతూ. నాదేనని మేడెక్కి అరిచినా ఎవడు నమ్ముతాడు? కేకు తిను.”

తిన్నాడు. రెండో కప్పూ తాగాడు. వాన తగ్గాక వెళ్లాడు. గుమ్మం దగ్గర ఆగి, “మళ్లీ వస్తాను మావిస్” అన్నాడు. వస్తే ఇద్దరికీ ఆ గొంతే గుర్తొస్తుంది, అందుకని రాలేదనుకుంటాను.

ఏళ్లు గడిచి, ఆ ఆఫీసు దానంతటదే మూతపడి, కింద తివాచీల కొట్టు కూడా పోయాక, ఒకసారి హౌసీ క్లబ్బులో ఈ కథ చెప్పాను. ఎంత నవ్వారంటే నంబర్లు పిలిచేవాడు వరస మరిచిపోయాడు. “మావిస్ కథల్లో ఇదే పెద్దది” అన్నారు. చంద్రుడి కన్నా పెద్దదట.

మీరూ నమ్మకండి. కానీ మీ అటక మీదో, మంచం కిందో పచ్చజుట్టు బొమ్మ ఉన్న ఆట డబ్బా పడి ఉంటే ఓసారి దింపండి. లోపలున్న ఆటని ఆడే పెట్టెలో వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. ఏదీ నొక్కొద్దు. గదిలో ఇంకెవరూ లేకపోతే మరీ మంచిది. టీ చల్లారి మీగడ కట్టేవేళకి అది అడుగుతుంది. రోజూ జవాబు చెప్పే ఆ ముసలాయన ఏమనేవాడో నాకు తెలీదు, మీరు మాత్రం ఎక్కువేం చెప్పక్కర్లేదు.

ఉన్నాను అనండి, చాలు.